నాలుగో మజిలీ

అన్నయ్యకు నమస్కరించి రాసేది,
ఇక్కడ ఇంటర్నెట్ తప్ప అందరం బాగున్నాం. ఉద్యోగం చేసే ఊరినుంచి మీ బావ రోజూ వీడియోలో మాట్లాడతారు. "తిన్నావా" అనేదాకా మాట వస్తుంది, ఆ తర్వాత నోరు తెరిచి బొమ్మలా ఆగిపోతారు. పెళ్లయ్యాకే కొడుకు మాటలు తగ్గాయని అత్తయ్య నన్ను చూస్తారు. నువ్వు చేసేది నెట్ పనే కదా, ఉపాయం రాయి. ఫోను అత్తయ్య పక్కనే ఉంటుంది, అందుకే ఉత్తరం.
నీ చెల్లాయి
తా.క.: ఆగిపోయినప్పుడు కూడా ఆయన బాగానే ఉంటారు.

చెల్లాయికి,
మన మాటలు చిన్న చిన్న మూటలై, మీ ఇంట్లో నెట్ పెట్టె దగ్గర బయల్దేరి, మజిలీ మజిలీకీ చేతులు మారుతూ బావను చేరతాయి. ఎక్కడ ఆలస్యమో చూపించే యాప్ పేరు కింద రాశాను. నొక్కితే వరసకో మజిలీ, పక్కన పట్టిన సమయం కనిపిస్తాయి; పలకని మజిలీ పక్కన నక్షత్రాలు పడతాయి. అలాగే రాసి పంపు.
మీ అన్నయ్య
తా.క.: అత్తగారు చూసినా ఫరవాలేదు.

అన్నయ్యకు,
వరసలు కాగితం వెనక రాశాను. నాలుగోదాని పక్కన అంకెల్లేవు, నక్షత్రాలే ఉన్నాయి. అదేమిటని అత్తయ్య అడిగితే, పలకడం లేదన్నాను. పిలిస్తే పలకనివాడికి జీతం దేనికని ఆవిడ చెప్పులేసుకుని నెట్ ఆఫీసుకు నడిచారు, వెనక నేను. నాలుగోవాణ్ణి పిలవమన్నారు. కౌంటర్లో అతను ఆవిడ మొహం చూసి, "సెలవులో ఉన్నాడండీ, సోమవారం వస్తాడు" అన్నాడు.
చెల్లాయి
తా.క.: సోమవారం మళ్లీ వెళ్లాలట.

చెల్లాయికి,
వెళ్లనివ్వకు. నాలుగోది మనిషి కాదు, యంత్రం. పిలిస్తే పలకదు గాని ఇచ్చిన మూట బుద్ధిగా ముందుకు పంపుతుంది. అచ్చం నీలాగే. దాని తర్వాతవి పలుకుతున్నాయి చూడు. ఆలస్యమంతా మొదటి వరసలోనే ఉంది, అంటే ఫోనుకీ మీ పెట్టెకీ మధ్య. పెట్టె ఎక్కడుంది? దుమ్ము పడుతుందని కొందరు తెలివితక్కువవాళ్లు బీరువాలో పెడతారు.
అన్నయ్య
తా.క.: అక్కడుంటే తీసి హాల్లో పెట్టమని నువ్వే చెప్పు.

అన్నయ్యకు,
ఇనప బీరువాలోనే ఉంది. వెనక కన్నం పెట్టించి మరీ వైరు లాగించారు అత్తయ్య. తాళం ఆవిడ నడుముకుంటుంది. నేనెలా చెప్పను? నేను కూడా ఇచ్చిన మూట పంపేదాన్నే. బట్టలు సర్దమని తాళం ఇచ్చినప్పుడు నీ ఉత్తరం ఆ పెట్టె మీద ఉంచాను. "తెలివితక్కువవాళ్లు" అన్న ముక్క మాత్రం కత్తిరించేశాను.
మర్నాటికి పెట్టె హాల్లో ఉంది. ఆ సాయంత్రం మీ బావ ఒక్కసారైనా ఆగలేదు.
"సోమవారమన్నాడా, ముందే వచ్చేశాడు. నేను వెళ్లి అడిగినందుకే" అన్నారు అత్తయ్య.
ఇంతే సంగతులు, చెల్లాయి
తా.క.: మొదటిసారి ఫోను నా చేతికిచ్చి ఆవిడ లోపలికెళ్లారు. మీ బావ స్పష్టంగా కనిపిస్తూ, నన్నే చూస్తూ, ఏదైనా చెప్పమన్నారు. నాకు మాట రాలేదు. ఆయన కాసేపు చూసి, "మళ్లీ ఆగిపోయినట్టుంది" అని పెట్టేశారు.