మహిధరన్నకు తోడుగా పెరిగిన వయసు

వికారాబాద్, శుక్రవారం

పెద్దనాన్నకు నిఖిల నమస్కారాలు, నేను బాగానే ఉన్నాను.

మూడు రోజులుగా నువ్వు ఫోన్ ఎత్తడం లేదు కాబట్టి కార్డు రాస్తున్నాను. తాండూరులో పోస్ట్‌మ్యాన్ చదివినా నాకు ఫికర్ లేదు. కెనడాలో ఉన్న అమ్మ అక్కడే ఉండిపోవడానికి పెట్టే దరఖాస్తులో నా పేరు కూడా రాస్తోంది. ఇరవై రెండు నిండితే పిల్లల కింద లెక్కకు రారట. ఇక్కడ కాగితాలు చూసే ఆయన నా టెన్త్ మెమో చూసి, "నీకు పోయిన జూన్‌లనే నిండినయి కదమ్మా, ఇంక నేనేం జేస్త?" అన్నాడు. నాకు నిజంగా నిండేది వచ్చే మార్చిలో. మహిధరన్న ఒక్కడే బడికి పోనని ఏడిస్తే, తోడుగా నన్ను కూర్చోబెట్టడానికి నువ్వే కదా తొమ్మిది నెలలు ఎక్కువ రాయించావు. అమ్మను ఒక్క మాటైనా అడిగావా?

నేను పుట్టినప్పుడు ఆసుపత్రిలో ఇచ్చిన చీటీ పెద్దమ్మ పెట్టెలో ఉందేమో వెతికించు. ఆమె మోకాళ్ల నొప్పి తగ్గిందా? కందులు కోశారా? పెద్దమ్మకు నా దండాలు చెప్పు.

వచ్చే గురువారం నువ్వే ఇక్కడికి వచ్చి, వయసు తప్పు రాయించానని సంతకం పెట్టాలి. నీకు సిగ్గయితే నీ కొడుకు మహిధరన్నను పంపు. ఒక్కడే రానని ఏడిస్తే చెప్పు, నేనే వచ్చి వెంట తీసుకొస్తాను. నాకు అలవాటే కదా.

నిఖిల