నలభై మూడు వికెట్లు ఎవరి పేరున ఉండాలి

క్రీడాధికారి గారి సముఖమునకు,

రైల్వే గేటు పక్క మైదానంలో ఆడే పదిహేడేళ్లలోపు అమ్మాయిల క్రికెట్ జట్టుకు స్కోరరుగా ఉన్న గృహిణి వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: కోచ్ నియామకంపై అభ్యంతరం, బ్యాటింగ్ వరుసలో మార్పు, జిల్లా శిక్షణ శిబిరానికి ప్రకటించిన ఇరవై మంది జాబితా, స్కోరు పుస్తకంలో ఒక పేరు సవరణ – గురించి.

పై విషయమై సవినయంగా మనవి చేసుకొనేది ఏమనగా, నా వయసు నలభై ఏడు. పదకొండేళ్లుగా పై మైదానంలో జరిగే మ్యాచ్‌లన్నిటికీ జీతం లేకుండా స్కోరు రాస్తున్నాను. ఇంట్లో గ్యాస్ సిలిండర్ ఏ తేదీన మార్చామో, అత్తగారి మాత్రలు ఎన్ని మిగిలాయో ఎలా రాసి పెడతానో, మైదానంలో బంతులనూ అలాగే రాస్తాను. ప్రతి ఓవరు తరువాత అవతలి జట్టు స్కోరరుతో లెక్క సరిచూసుకోవడం ఆనవాయితీ. ఈ పదకొండేళ్లలో లెక్క కలవని ఓవర్లు మూడే మూడు. మూడింటిలోనూ తప్పు వారిదే.

1. గత జూన్‌లో తమ కార్యాలయం వారు మా జట్టుకు కోచ్‌ను నియమించారు. నియమితురాలు నా తోటికోడలు, అనగా నా భర్త తమ్ముడి భార్య. మేము కింద వాటాలో, వారు పై వాటాలో ఉంటాము. ఆ ఉద్యోగానికి నేను కూడా దరఖాస్తు చేసుకున్నాను. నన్ను నాలుగు నిమిషాలు మాట్లాడించారు. ఎప్పుడైనా ఆడారా అని అడిగితే, ఆడలేదు గాని అన్నీ చూశానని చెప్పాను. కాగితం మీద ‘ఆడలేదు’ అన్నంత వరకే రాసుకున్నారు. నా తోటికోడలు యూనివర్సిటీ జట్టుకు మూడేళ్లు స్పిన్ బౌలింగ్ చేసిన మాట వాస్తవమే. కాని పెళ్లి తరువాత పన్నెండేళ్లు బంతి ముట్టలేదు. అటువంటి మనిషికి ఈల, టోపీ, చేతుల కుర్చీ ఇచ్చారు. ఒక్క బంతి కూడా వదలకుండా చూసిన మనిషికి ఎప్పటి స్టూలే మిగిలింది.

2. నియామకం తరువాత మా ఇంటి వాతావరణం దెబ్బతిన్నది. పిల్లలు గేటు తీసి నన్ను దాటుకుని మెట్లెక్కి పైకి పోతున్నారు. మ్యాచ్ అయ్యాక ఎవరు గెలిచారని మా అత్తగారు అడిగేది ఆమెను. పుస్తకం నా సంచిలో ఉంటుంది. నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చినప్పుడు చుట్టాలందరూ నా తెల్లని రంగును మెచ్చుకున్నారు. ఆమె వచ్చినప్పుడు, ఛాయ తక్కువే గాని ఏదో ఆడుతుందట అన్నారు. ఇన్నేళ్లకు చూస్తే నా గురించి చెప్పుకోవడానికి ఎవరికీ ఏమీ లేదు. ఆమె ఆట గురించి మాత్రం రోజూ చెప్పుకుంటున్నారు.

3. మా అమ్మాయి ఇదే జట్టులో ఓపెనింగ్ బ్యాటర్‌గా ఉండేది. కొత్త కోచ్ ఆమెను ఏడో స్థానానికి దింపారు. కారణం అడిగితే, “అక్కా, దానికి కొత్త బంతంటే భయం. నీకు చెప్పలేదు గాని నాకు చెప్పింది,” అన్నారు. ఏడో స్థానంలో ఆడిన ఆరు మ్యాచ్‌లలో మా అమ్మాయి సగటు పదకొండు నుంచి ఇరవై మూడుకు పెరిగింది. ఈ లెక్క వేసింది నేనే. నా అభ్యంతరం సగటు గురించి కాదు. నా కూతురు తన భయం నాకు చెప్పకుండా ఆమెకు చెప్పడం గురించి.

4. ఈ నెల రెండో తేదీన తమ కార్యాలయం గోడకు అంటించిన ఇరవై మంది జాబితాలో మా జట్టు ఫాస్ట్ బౌలర్ పేరు లేదు. ఆ అమ్మాయి రెండు సీజన్లలో పదిహేడు మ్యాచ్‌లు ఆడి నలభై మూడు వికెట్లు తీసింది. ఆమెకు పదిహేడు నిండబోతున్నందున ఇదే ఆఖరి అవకాశం. ఈసారి పోతే వచ్చే వేసవి నుంచి తల్లితో పాటు లాండ్రీలో ఇస్త్రీపెట్టె పట్టుకోవలసిందే.

ఈ విషయమై మైదానం ఎదుట ఉన్న సెలూన్‌లో మూడు రోజులు చర్చ జరిగింది. తమకు ఎంపిక కమిటీ ఒకటే ఉంది. అక్కడ కుర్చీకి ఒక కమిటీ. రిటైరైన పోస్టుమాస్టరు గారు సెలెక్టర్లకు కళ్లు లేవన్నారు. సెలూన్ యజమాని, గడ్డం నురగతో ఉన్న మనిషిని అలాగే వదిలేసి, తప్పు సెలెక్టర్లది కాదనీ, పిల్ల తనను మించిపోతుందని కోచ్‌కు కడుపుమంటనీ అన్నాడు. ఆడవాళ్లను కోచ్‌గా పెడితే ఇంతేనని ఇంకొకరు అన్నారు. నేను బయట బెంచీ మీద కూర్చుని విన్నాను. లేచి వచ్చేటప్పుడు గొడుగు మరిచిపోయినట్లు చేసి, మళ్లీ వెళ్లి ఇంకాసేపు విన్నాను.

ఆ బలంతో, ప్రతిభ గల బౌలర్‌ను కోచ్ కావాలని తొక్కిపెట్టారని తమకు అర్జీ సిద్ధం చేశాను. సోమవారం పోస్టు చేయవలసి ఉంది. మధ్యలో ఆదివారం వచ్చింది.

ఆదివారం కింద వాటాలో అందరం కూర్చుని టీవీలో మ్యాచ్ చూస్తున్నాము. బౌండరీ దగ్గర నిలబడిన విదేశీ బౌలర్‌ను గ్యాలరీలో కొందరు ఒంటి రంగు పట్టుకుని ఏదో అన్నారు. అతను అంపైర్‌కు చెప్పాడు. ఎనిమిది నిమిషాలు ఆట ఆగింది. ఆ ఎనిమిది నిమిషాలూ మా ఇంట్లో విచారణ నడిచింది. ఆ గ్యాలరీ మొత్తం ఖాళీ చేయించాలని మా వారు. అది చాలదు, వాళ్ల మొహాలు పెద్ద తెర మీద చూపించాలని మా మరిది. జీవితంలో మళ్లీ ఏ మైదానంలోకీ రానివ్వకూడదని తీర్పు చెప్పింది నేను. ఇంతకీ ఏమన్నారే అని అత్తగారు అడిగారు. ఆ మాట ఎవరూ నోటితో అనలేదు.

నా తోటికోడలు చిక్కుడుకాయలు తుంచుతూ కూర్చుంది. లేచి, చేతులు తుడుచుకుని, నా సంచిలోంచి స్కోరు పుస్తకం తెచ్చింది. చిక్కుళ్ల పళ్లెం పక్కకు జరిపి ఫిబ్రవరి మ్యాచ్ పేజీ తీసింది.

“అక్కా, ఈ చేతిరాత ఎవరిది?”

“నాదే.”

“ఈ వరుస చదువు.”

నేను చదవలేదు. అత్తగారు కళ్లజోడు కోసం తడుముకుంటున్నారు. మా అమ్మాయి వంగి చూసి, ఎప్పుడూ చదివినట్లే చదివేసింది. “బొగ్గు. ఎనిమిది ఓవర్లు, రెండు మెయిడెన్లు, పంతొమ్మిది పరుగులు, నాలుగు వికెట్లు.” చదివాక తలెత్తి టీవీ వైపు చూసింది.

మా వారు సర్దబోయారు. “అది మన ఫాస్ట్ బౌలర్‌కు పిల్లలు పెట్టుకున్న ముద్దుపేరు కదమ్మా. ప్రేమతో పిలుచుకునేది.”

“ఆ గ్యాలరీ వాళ్లు కూడా రేపు అదే అంటారు బావగారూ,” అంది.

అయ్యా, తరువాత ఆమె చెప్పిన సంగతి ఇది. మూడో తేదీనే ఆమె తమ కార్యాలయానికి వచ్చి జాబితా గురించి అడిగింది. తమ గుమాస్తా గారు కాగితాలు తీసి చూపించారు. స్కోరు షీట్లలోని పేర్లను రిజిస్ట్రేషన్ పేర్లతో సరిచూసి జాబితా తయారవుతుంది. నలభై మూడు వికెట్లు తీసిన మనిషి రిజిస్టరులో లేదు. రిజిస్టరులో ఉన్న అమ్మాయి ఒక్క బంతి కూడా వేసినట్లు లేదు. గుమాస్తా గారు పక్కన ప్రశ్నార్థకం పెట్టి వదిలేశారు. ఆయనది తప్పు కాదు.

ఇది తెలిసి కూడా నా తోటికోడలు ఐదు రోజులు ఎవరికీ చెప్పలేదు. సెలూన్‌లో తన మీద అన్న మాటలు వింటూనే ఊరుకుంది. ఎందుకని అడిగితే, “నువ్వే చూసుకుని చెబుతావనుకున్నాను అక్కా,” అంది. తిట్టినా బాగుండేది.

ఆ పేరు పుస్తకంలోకి ఎలా వచ్చిందో తమకు తెలియజేయడం నా విధి. రెండేళ్ల కిందట ఆ అమ్మాయి మొదటిసారి బౌలింగ్‌కు వచ్చినప్పుడు మైదానంలో పిల్లలందరూ ఆ పేరుతో అరుస్తున్నారు. ఓవరు మొదలవుతోంది, రాసేశాను. మ్యాచ్ అయ్యాక, పుస్తకంలో ఇలాగే ఉంచనా అని ఆ అమ్మాయిని అడిగాను కూడా. “ఏదైనా పర్వాలేదు ఆంటీ,” అంది. దానిని అంగీకారంగా తీసుకున్నాను. కొత్తగా జట్టులోకి వచ్చిన పద్నాలుగేళ్ల పిల్ల ఇంకేమి అనగలదో ఆలోచించలేదు. మిగిలిన పదముగ్గురికీ ఇంటిపేరు పొడి అక్షరంతో సహా పూర్తి పేర్లున్నాయి. వారి తల్లుల్ని గేటు దగ్గర ఆపి అడిగి రాసుకున్నాను. లాండ్రీ ఆవిడ మ్యాచ్‌లకు రాదు. లాండ్రీ మా వీధి చివరే. పదిహేడు మ్యాచ్‌లలో ఒక్కసారి కూడా వెళ్లి అడగలేదు. లెక్కలో తప్పు లేదు. మనిషి దగ్గరే తప్పింది.

కావున సోమవారం లాండ్రీకి వెళ్లాను. ఆవిడ ఇస్త్రీపెట్టె పక్కన నిలబెట్టి, చొక్కా మడతపెడుతూనే నేను చెప్పినదంతా విన్నది. జనన ధ్రువీకరణ పత్రం తెచ్చి ఇస్తూ, “దీని పేరు కోసం మా అత్త మూడు రోజులు ఆలోచించిందమ్మా,” అంది. అక్కడే ఉన్న ఆ అమ్మాయికి, పాత పేరు పక్కన అసలు పేరు రాసి తమకు అర్జీ పెడతానని చెప్పాను. అప్పుడు మాట్లాడింది.

“ఆ మాట ఉన్న కాగితం మీద నా పేరు రాయకండి ఆంటీ. వేరే కాగితం మీద రాయండి.”

కాబట్టి ఆమె పూర్తి పేరు ఈ అర్జీలో రాయలేదు. జతపరచిన రెండో కాగితంలో ఉన్నది. ఆ కాగితంలో ఇంకేమీ లేదు.

పైన 1, 2, 3 అంశాలను తీసివేసి ఈ అర్జీని మళ్లీ శుభ్రంగా రాద్దామని కూర్చున్నాను. రాయలేకపోయాను. అవి నిజమే. ఆ ఈల నాకు వచ్చి ఉండవలసిందని ఈ క్షణంలో కూడా అనిపిస్తోంది. పిల్లలు ఆమె చుట్టూ మూగితే నా పెన్సిలు గట్టిగా నొక్కుకుపోతుంది, ఆ పేజీలు వెనక నుంచి తడిమినా తెలుస్తాయి. ఇది ఫిర్యాదు కాదని నాకు తెలుసు. తమరు ఆ మూడింటిపై ఏ చర్యా తీసుకోనవసరం లేదు. చదివితే చాలు. ఇంతవరకు ఎవరూ చదవలేదు.

4వ అంశంలో కోచ్‌పై మోపబోయిన ఆరోపణను పూర్తిగా ఉపసంహరించుకుంటున్నాను. సెలూన్‌లో కూడా వెళ్లి చెప్పాను. పోస్టుమాస్టరు గారు, “అయితే ఇప్పుడు ఎవరిని తీసేయాలంటారు?” అని అడిగారు. స్కోరర్‌ను అన్నాను. అదే సెలూన్ ముందు నుంచి కిట్టు మోసుకుంటూ వెళ్లే ఆ అమ్మాయిని రెండేళ్లుగా వారందరూ ఏమని పిలుస్తున్నారో కూడా గుర్తు చేశాను. ఆదివారం వారూ టీవీ ముందు మాలాగే తీర్పులు చెప్పినవారే. యజమాని, “మేమేమీ చెడ్డగా అనలేదండీ,” అని అద్దం తుడవడం మొదలుపెట్టాడు.

నిబంధన ప్రకారం స్కోరు షీటులో సవరణకు ఇద్దరు స్కోరర్ల సంతకాలూ కావాలి. ఈ వారంలో బస్సుల్లో తిరిగి పదిహేడు మ్యాచ్‌లకూ అవతలి స్కోరర్ల సంతకాలు తెచ్చాను. ఒకాయన పక్షవాతంతో మంచంలో ఉన్నారు. ఎడమ చేత్తో పెట్టారు. అందుచేత ఆ సంతకం వేరుగా కనిపించును, శంకింపవద్దు.

ఇంకొక సంగతి దాచితే అర్జీ అబద్ధమవుతుంది. జాబితాలో ఇరవయ్యో పేరు మా అమ్మాయిది. బౌలర్ పేరు చేరితే ఆ పేరే పోతుంది. మా అమ్మాయికి ఇంకొక ఏడాది వయసుంది. ఇది తమకోసం కాదు, నన్ను నేను సముదాయించుకోవడానికి రాసుకున్నాను.

కనుక తమరు దయయుంచి:

(అ) నలభై మూడు వికెట్లను రెండో కాగితంలో ఉన్న పేరున నమోదు చేయించవలెను.

(ఆ) పద్దెనిమిదో తేదీ మొదలయ్యే శిబిరానికి ఆమెను పిలవవలెను.

(ఇ) పై తప్పుకు నన్ను ఈ సీజన్‌కు స్కోరు పని నుంచి తప్పించవలెను. వచ్చే సీజన్ సంగతి తమ దయ.

ఈ విన్నపములో న్యాయమెంతో, నా ఓర్వలేనితనమెంతో వేరుచేసి, మొదటిదానిని మాత్రమే చిత్తగించవలెనని ప్రార్థన.

ఇట్లు,
తమ విధేయురాలు,
స్కోరర్

జతపరచినవి: స్కోరు షీట్ల నకళ్లు 17; జనన ధ్రువీకరణ పత్రం నకలు 1; పేరు గల కాగితం 1.

తా.క.: కోచ్ సంతకం కూడా ఉండాలని తమ గుమాస్తా గారు అన్నందున నా తోటికోడలికి ఈ అర్జీ ఇచ్చాను. మెట్ల మీద కూర్చుని మొదటి నుంచి చివరి దాకా చదివి సంతకం పెట్టింది. సంతకం కూడా నాకంటే బాగున్నది.

ఇరవయ్యో పేరు సంగతి మా అమ్మాయికి ఇంకా చెప్పలేదు. తాను చెప్పనని నా తోటికోడలు మాట ఇచ్చింది, ఆమె మాట తప్పే మనిషి కాదు. తమరు ఉత్తర్వులు వెంటనే ఇప్పించండి. కాని కొత్త జాబితా గోడకు అంటించే ముందు ఒక్క పూట ఆగి నాకు కబురు చేయండి. గోడ మీద చూసుకుంటే మా పిల్ల నేరుగా మెట్లెక్కి పైకి పోతుంది. ఈ ఒక్కసారి నా దగ్గర ఏడవాలి.