నాయనకు రెండు పేర్లు

17 నవంబర్ 2025, సోమవారం

అమ్మ కువైట్ నుంచి ఫోన్ చేసింది. అక్కడ అకామా ఫీజు, అంటే ఆ దేశంలో ఉండే పర్మిట్‌కు కట్టేది, ఇన్సూరెన్స్ జనవరి ఒకటి నుంచి పెంచేస్తారట. ఆమె పనిచేసే ఇంటి యజమాని, బాబా అంటారు, పాత రేటైతే కడతానన్నాడట, కొత్త రేటైతే నీ దారి నువ్వు చూసుకో అన్నాడట. అకామా పోతే అమ్మ ఖల్లివల్లి అయిపోతుంది, అంటే కాగితాల్లేని మనిషి. పోలీసు కనపడితే దాక్కోవాలి. ఇంటికి రావాలన్నా జరిమానా కట్టాలి.

అకామా మళ్లీ కొట్టించాలంటే ముందు పాస్‌పోర్ట్ రెన్యువల్ కావాలి. దాని గడువు వచ్చే నెలతో ఆఖరు. నేనుండగా నీకు భయమేందమ్మా అన్నాను. మార్కాపురంలో మౌలా సాహెబ్ నెట్ సెంటర్లో మూడేళ్లుగా నేను చేసే పని అదే కదా. కాస్త గొప్పగానే అన్నాను.

19 నవంబర్

అమ్మ ఫారం పది నిమిషాల్లో అయిపోయింది. నాయన కొనకనమిట్ల బస్సు దిగి నేరుగా షాపుకొచ్చాడు. స్క్రీన్ మీద భర్త పేరు దగ్గర ఏలీయా అని ఇంగ్లీషులో ఉంటే నన్ను చదివి వినిపించమన్నాడు. బాగుండాదే అని రెండుసార్లు అన్నాడు.

30 నవంబర్, ఆదివారం

అక్కడి పాస్‌పోర్ట్ సెంటర్లో అమ్మకు ఎనిమిదో తేదీ అపాయింట్‌మెంట్. బాబా ఒక్క పూట సెలవిచ్చాడట. మందిరంలో ప్రార్థన చేయించాం.

8 డిసెంబర్

వెనక్కి పంపేశారు. పాత పాస్‌పోర్ట్‌లో భర్త పేరు శ్రీశైలం అని ఉందట.

ఛీ, నా బతుకు. నాయనకు బడిలో వేసిన పేరు శ్రీశైలం. ఆధార్‌లో, రేషన్ కార్డులో, కులం సర్టిఫికెట్‌లో అదే. ఏలీయా అన్నది బాప్తిస్మం పేరు. మా పేటలో అందరికీ రెండేసి పేర్లే. వేరేవాళ్లొస్తే కార్డు పేరు చెప్పండని మొదట అడిగేది నేనే. సొంత నాయన పేరు ఎవర్ని అడుగుతాను? అమ్మ పాస్‌పోర్ట్ ఆఖరి పేజీ నా ఫోన్‌లోనే ఉంది. తెరిచి చూడలేదు.

అమ్మ తిట్టలేదు. నన్నడిగినా ఆ పేరే చెప్పుంటా గదమ్మా అంది. తిట్టినా బాగుండేది.

9 డిసెంబర్

మళ్లీ ఫారం నింపాను. మౌలా సాహెబ్ పక్కన కూర్చుని మూడుసార్లు చదివాడు. తప్పులు చేయనోడెవడు బేటీ అన్నాడు. కొత్త తేదీ 29. పాస్‌పోర్ట్ చేతికొచ్చేసరికి జనవరి వచ్చేస్తుంది.

25 డిసెంబర్

నాయన కొత్త చొక్కా వేసుకోలేదు. మందిరంలో పాస్టరు గారు ఏలీయా అని పిలిస్తే పలకలేదు. నా పేరే మీయమ్మకు అడ్డమొచ్చింది గదా అంటాడు. తప్పు నాది నాయనా అంటే వినడే! బిర్యానీ ఎవరం తినలేదు.

1 జనవరి 2026

రేటు పెరిగింది.

13 జనవరి

పాస్‌పోర్ట్ వచ్చింది. పేరు సరిగ్గా ఉంది. బాబా మాత్రం కట్టనన్నాడు. తేడా మేం పంపుతామని నేనే అతనితో మాట్లాడబోయాను. నాకు ఇంకో మనిషి దొరికింది, ఈమెతో పని లేదు అన్నాడట. అదీ అమ్మే నాకు తెలుగులో చెప్పింది.

22 జనవరి

అకామా అయిపోయింది. అమ్మ ఆ ఇంట్లో లేదు. గిద్దలూరు వాళ్లెవరో ఒక గది చూపించారట. ఎక్కడని అడిగితే ఫోన్‌లో చెప్పకూడదంది. నాయన ఫోన్ తీసుకుని అన్నం తిన్నావా అని అడిగాడు. ఆమె తిన్నానంది. అబద్ధమని ఇద్దరికీ తెలుసు.

3 ఫిబ్రవరి

పుల్లలచెరువు నుంచి ఒకామె వచ్చింది. కువైట్ పోవాలట. చంకలో పిల్ల.

భర్త పేరేంటక్కా అని అడిగాను.

ఏ పేరు చెప్పాల పాపా, అంది.