వెల్లకిలా పడుకుంటేనే దారి

అండమాన్, ఫిబ్రవరి 3

లీలమ్మకు,
ప్రభువు దయవల్ల క్షేమం. ఈ దీవిలో ఫోన్ పనిచేయదు, అందుకే ఉత్తరం. మన పటాన్‌చెరు ఫ్యాక్టరీలో తయారైన కయాక్‌లు, అవే ఇద్దరు కూర్చునే ప్లాస్టిక్ పడవలు, ఇక్కడ సముద్రపు గుహల్లో తిరుగుతున్నాయి. వాటి మరమ్మతే నా పని. పొద్దున ఇక్కడ పడవ నడిపే ఇంద్రజ నన్ను గుహలోకి తీసుకెళ్లింది. ఇద్దరం వెల్లకిలా పడుకుని చీకట్లోకి వెళ్లాం. లోపల నీళ్లు పచ్చగా వెలుగుతున్నాయి. బయటికి రావాలనిపించలేదు.
నీ దావీదు

తా.క. సముద్రం పోటెత్తితే గుహ ద్వారం మూసుకుపోతుంది. తగ్గేదాకా లోపలే.

ఇస్నాపూర్, ఫిబ్రవరి 12

ఎల్సీ నాయనకు వందనాలు.
నీ ఉత్తరం స్త్రీల కూటంలో గట్టిగా చదివాను. 'వెల్లకిలా' దగ్గర ఆగిపోయాను. అందరూ కళ్లు మూసుకుని నీ కోసం ప్రార్థించారు. రాజవ్వ మాత్రం, "ఆగినవేంది, సదువు" అంది. మరమ్మతు పడవకా, నీకా?
లీలమ్మ

తా.క. ఇంద్రజ వయసెంత? ఊరికే అడుగుతున్నాను.

అండమాన్, ఫిబ్రవరి 20

లీలమ్మకు,
గుహ కప్పు ముక్కుకు జానెడు దూరంలో ఉంటుంది. పడుకోకపోతే తల పగులుతుంది. వయసు అడగలేదు. కానీ ఆమె పాడితే గుహ మూడుసార్లు తిరిగి పాడుతుంది. నిన్న పోటు ముందే వచ్చి లోపలే ఉండిపోయాం. నడుమ ఒకచోట కప్పు లేదు, బావిలోంచి చూసినట్టు ఆకాశం. ఎంతసేపు చూశామో తెలియదు.
నీ దావీదు

తా.క. ఆమె చేపల పులుసు పెట్టింది. ఎలా చేయాలో అడిగి రాయనా?

ఇస్నాపూర్, ఫిబ్రవరి 28

ఎల్సీ నాయనకు,
ఓడ ఎక్కడానికి బయల్దేరుతున్నాను. పులుసు సంగతి అక్కడ మాట్లాడదాం.
లీలమ్మ

తా.క. "నీకు ఈత రాదు గదమ్మా" అని ఎల్సీ ఆపింది. కొట్టడానికి ఈతెందుకు?

అండమాన్, మార్చి 20

ఎల్సీ నాయనకు,
ఫ్యాక్టరీ మేనేజరు పిలిస్తే నన్నిక్కడ వదిలి ఇంటికి వెళ్లావు కదా, క్షేమంగా చేరావనుకుంటాను. ఒక మాట నీకు చెప్పలేదు. ఇంద్రజక్కకు అరవై నాలుగేళ్లు, ముందు పళ్లు లేవు. ఓడ దిగి ఆమెను చూడగానే నాకు సిగ్గేసింది. ఆ ముక్క రాయడం నీకు చేతకాలేదు. మర్నాడు నువ్వు పడవలు అతుకుతుంటే ఆమె నన్ను గుహకు తీసుకెళ్లింది.

"భయమైతుందక్కా, ఎనక్కి పోదాం" అన్నాను.

"పడుకోవమ్మా. రాయి నిన్నేం చెయ్యదు."

పడుకున్నాను. చీకటి ముఖం మీదుగా మెల్లగా జరిగిపోయింది. తర్వాత ఆకాశం, పొగ లేనిది. ఇస్నాపూర్‌లో ఇరవై ఏడేళ్లు నిలబడే ఉన్నానని అప్పుడు తెలిసింది. ఎవరూ నన్ను పిలవలేదు. నీళ్లు ఊపుతున్నాయి, అంతే.

యాత్రికుల పడవలో ముందు కూర్చుని దీపం పట్టే మనిషి కావాలన్నారు. వానలు మొదలయ్యేదాకా నేనే పడతాను. వచ్చే వారం ఓడకు వస్తానని రేవులో నీకు అబద్ధం చెప్పాను, క్షమించు.
నీ లీలమ్మ

తా.క. నా తిరుగు టికెట్ నీ పెట్టెలో, చొక్కాల అడుగున ఉంది. రద్దు చేయించు.