పెరటి తలుపు తీయకు

ఏమోయ్, డ్యూటీ నుంచి రాగానే పెరట్లోకి మాత్రం వెళ్లకు. పొద్దున షెడ్డు మీంచి దించిన పాత రేకులు ఆస్బెస్టాస్‌వట. నువ్వు వెళ్లాక పక్కింటి మేస్త్రీ చూసి తల పట్టుకున్నాడు. విరిగిన రేకు పొడి ఊపిరితిత్తుల్లోకి పోతే ఇక బయటికి రాదట. నేలంతా తడిపి, మీద ప్లాస్టిక్ పట్టా కప్పాను. చెత్త కనిపిస్తే నీ చెయ్యి ఊరుకోదు కాబట్టి చీపుర్లు రెండూ స్కూటర్ మీద నాతోనే తీసుకెళుతున్నాను.

వీటిని ఎక్కడ పారెయ్యాలో అడగడానికి మున్సిపల్ ఆఫీసుకి పోతున్నా. ఊడ్చేవాణ్ణనుకుని లోపలికి పంపినా మంచిదే.

మీ తమ్ముడు మళ్లీ వస్తాడు. "ముక్కలు చేస్తే ఆటోలో పట్టేస్తాయి కదా బావా" అని ఆ రేకు పగలగొట్టింది వాడే. ఈసారి సుత్తి అడిగితే నువ్వే కాసేపు సుత్తి కొట్టి పంపించు, తలుపు మాత్రం తీయకు.

నా బట్టలు తడిపి సంచిలో మూతి కట్టి బాత్రూం బయట పెట్టాను. దులిపి నానబెట్టడం నీ అలవాటు. కావాలంటే నన్ను దులుపు, వాటిని వద్దు. పనివాళ్లని పిలుద్దామని నువ్వన్నావు, నేనే వినలేదు.

అన్నట్టు, నిచ్చెన దిగగానే నీ తువ్వాలుతో నా తల తుడిచి, దాంతోనే నీ ముఖం తుడుచుకుని వెళ్లావు. అదింకా నీ బ్యాగులోనే ఉంటుంది. విదిలించకుండా తడిపి వేరే సంచిలో కట్టెయ్. వార్డులో ఫోన్ ఎత్తవని తెలిసీ ఆరుసార్లు చేశాను.