ఎనభై మీద నిలబెట్టుడు

మే 3, ఆదివారం

ఇయ్యాల్టి నుంచి తీర్మానం. మా బండిని ఎనభై స్పీడు మీద, యాడ ఆపకుంట, గోదావరిఖని నుంచి కరీంనగర్ దాక తోల్త. ఎనభై ముట్టుడు పెద్ద పని కాదు, ఎవలైనా ముట్టిస్తరు. దాన్ని ఎనభై మీద నిలబెట్టుడే పని.

కారణాలు.

ఒకటి. ఓపెన్‌కాస్టు బొగ్గు గనిల నేను నడిపేది డంపర్. ఇల్లంత పెద్ద బండి, బర్రెంత నడక. ఉద్యోగం మొత్తం గిట్లనే గడిచింది. ఇంటికొచ్చినంకనన్న మనిషి జోరుగ పోవద్దా?

రెండు. మా బండి పాతదే గని సచ్చింది కాదు. పెండ్లైన ఏడాది కొన్న టూ-స్ట్రోక్. కిక్ కొడితే ఇప్పటికీ నాలుగు క్వార్టర్ల కుక్కలు లేస్తయ్.

మూడు. పక్క క్వార్టర్ దయాసాగర్ అన్న కొత్త బండి కొన్నడు. నిన్న మా బండి సుట్టు తిరిగి చూసి, "తమ్మీ, ఇది కూరగాయలకు పోను మంచిగుంటది" అన్నడు. ఆయన చర్చిల పాటలు పాడే మనిషి, ఎటకారం తెల్వదు. నిజంగనే మెచ్చుకున్నడు. అందుకే ఎక్కువ కాలింది.

నాలుగు. జమున, నా భార్య. దూరవిద్యల డిగ్రీ ఆఖరి ఏడాది. పదకొండు నుంచి పరీక్షలు, సెంటర్ కరీంనగర్ల పడ్డది. నేను దింపుత అన్న.

మే 5, మంగళవారం

మార్నింగ్ షిఫ్టు దిగి గట్టయ్య షెడ్డుకు పోయిన. మా బండి కొన్నప్పటిసంది చూసే మెకానిక్ ఆయననే. తీర్మానం చెప్పిన.

"ఎనభై పోతది అన్నా. ఎంతసేపు పొమ్మంటవ్?"

"గంట."

"గంటనా?" అన్నడు. జర ఆగి మళ్ల "గంటనా?" అన్నడు.

ప్లగ్గు మార్చిండు, కార్బురేటర్ కడిగిండు, చైను బిగిచ్చిండు. "పెట్రోల్ల ఆయిల్ జర ఎక్కువ కలుపు. ఎండకాలం. నడుమ నడుమ ఆపి ఇంజను సల్లబడనియ్యి" అన్నడు. ఆపితే ఇగ నిలబెట్టుడేంది? సరే అన్న.

సాయంత్రం బసంత్‌నగర్ దాక ట్రయల్. రోడ్డు ఖాళీగ దొరికినకాడ ఎనభై. ఎంతసేపంటే, ఒక సినిమా పాటంత. పాట మొత్తం కాదు, పల్లవి. అయినా ఎనభై ఎనభైయ్యే. అద్దంల చూస్తే వెనుక వచ్చే ఒక్క లారీ నాలుగు లారీల లెక్క కనబడ్డది, అంత వణుకు. ఇంటికొచ్చినంక గూడ చేతులు వణుకుతనే ఉన్నయ్. చాయ్ సగం సాసర్ల పడ్డది. జమున గుడ్డ తెచ్చి తుడిచింది.

మే 7, గురువారం

ఎనభై ఎందుకు నిలవలేదంటే: ఎదురుగాలి. ఇసుక లారీలు. బసంత్‌నగర్ కాడ బర్రెలు. వెనుక నంబరు ప్లేటు ఊడిపడితే దానికోసం వెనుకకు పోయిన. వీటిల ఏ ఒక్కటీ బండి తప్పు కాదు. నా తప్పు అసలే కాదు.

ఇంకో సంగతి. ఆయిల్ ఎక్కువైతే పొగ. డ్యూటీకి పోతే, "జైపాలన్నా, దోమల మందు కొట్టేతందుకు వచ్చినవా" అంటున్నరు. అంగీ అంత వాసన. అందుకే జర తగ్గిచ్చిన. కొంచెమే. గట్టయ్యకు చెప్పే అవసరం లేదు.

మే 10, ఆదివారం

రేపు మధ్యాహ్నం రెండుకు పరీక్ష. జమున హాల్ టికెట్ పర్సుల పెట్టుకొని నా ముందట కూసున్నది. మా మేనమామ బిడ్డ, పుట్టి బుద్ధెరిగినప్పటిసంది నన్ను బావా అంటది. ఇంటర్ నడిమిట్ల ఆపి పెండ్లి చేసిండ్రు. మిగిలిన ఇంటర్ పిల్లల్ని బడికి తోలి చదివింది. ఇప్పుడు డిగ్రీ.

"బావా, దింపుతవా, దింపవా? దింపనంటే ఇప్పుడే చెప్పు. పొద్దుగాల బస్సుకు పోత."

"బస్సు ఊరూరికి ఆగుతది. మనం ఎనభైల పోతం."

"ఎంతల పోతమని నేను అడగలే. దింపుతవా అని అడిగిన."

"దింపుత" అన్న.

మే 11, సోమవారం

జమున పదకొండుకే ఎల్లుదామన్నది. ఎనభైల పోతే గంట గూడ పట్టదు, గంత జల్ది పోయి ఎండల ఏం చేస్తమని నేనే ఆపిన. పన్నెండున్నరకు ఎల్లినం. మొఖానికి కొలిమి పెట్టినట్టున్నది.

టోల్ గేటు దాటంగనే ఎనభై. నిలిచింది. పెద్దపల్లి దాటినం, ఇంకా ఎనభైయ్యే. ఒక కారును గూడ దాటినం. కారాయన ఫోన్ మాట్లాడుకుంట మెల్లగ పోతున్నడు గని, దాటుడు దాటుడే. జమున నా వీపు మీద రెండు సార్లు సరిచింది. ఖుష్ అయిందనుకొని ఇంకింత రేజ్ ఇచ్చిన. మళ్ల సరిచింది, ఈసారి గట్టిగ.

సుల్తానాబాద్ ఇంకా రాలే. ఇంజను సన్నగ కీచుమన్నది. అంతల్నే వెనుక చక్రం పట్టేసింది, ఎవలో తాడు కట్టి ఎనుకకు గుంజినట్టు. బండి అడ్డం తిరిగింది. చెయ్యి దానంతల అదే క్లచ్ పట్టింది. లేకుంటే ఈ డైరీ నిన్నటితోనే అయిపోతుండె. ఊగుకుంట రోడ్డు దిగి మట్టిల ఆగినం. వెనుక వచ్చే లారీ హారన్ కొట్టుకుంట మా పక్కపొంటే పోయింది. దాని గాలికి బండి మళ్ల ఊగింది.

 జమున దిగి చున్నీ సదురుకున్నది. 

"దెబ్బ తాకిందా?" అన్న.

"టైమెంత?" అన్నది.

కిక్ మీద ఎక్కి నిలబడ్డ. కిక్ కిందికి దిగలే. రాయి లెక్కున్నది. "సల్లబడితే నడుస్తది, పది నిమిషాలు ఆగు" అన్న. జమున నా దిక్కు చూడలే. రోడ్డు మీదికి పోయి చెయ్యి అడ్డం పెట్టింది. మొదలు ఒక కారు ఆగలే, ఇంకొకటి ఆగలే. పుచ్చకాయల ట్రాలీ ఆగింది. ముందట డ్రైవరు, పక్కన ఆయన తల్లి. ముసలామె జరిగి జాగిచ్చింది.

"నేను గూడ వస్త."

"జాగ లేదు. బండి కాడ నువ్వుండు. నీడకు కూసో, ఎండదెబ్బ తాకుతది."

ట్రాలీ పోయింది. ఎనభైల్నే పోయింది. నాకు కొలుచుడు అలవాటైంది.

బండిని సుల్తానాబాద్ దాక నూకిన. అక్కడ ఒక గూడ్స్ ఆటోల ఎక్కిచ్చి గోదావరిఖనికి తెచ్చి గట్టయ్య షెడ్డుల పడేసిన. జమున సాయంత్రం బస్సుల వచ్చింది.

"రాసినవా?"

"గేటు మూస్తుంటే ఉరికిన. రాసిన."

గంతే. అన్నం పెట్టింది. మామిడికాయ పప్పు. తిన్న గని రుచి తెల్వలే.

మే 12, మంగళవారం

గట్టయ్య ఇంజను ఇప్పిండు. పిస్టన్ మీద పిల్లి గీకినట్టు గీతలు.

"ఆయిల్ అందక పట్టేసింది. ఎంత కలిపినవ్?"

"నువ్వు చెప్పినంత."

పిస్టన్ నా చేతుల పెట్టి నన్నే చూసుకుంట నిలబడ్డడు.

"సగం" అన్న.

"ఎందుకన్నా?"

"పొగ వస్తదని."

నవ్వి నవ్వి స్టూలు మీద కూసున్నడు. ఎనభై పోతదని అన్నది నువ్వే గదా అన్న. "గంట పోతదన్ననా?" అన్నడు. అనలే, నిజమే.

ఇంటికొచ్చి జమునను అడిగిన, వీపు మీద ఎందుకు సరిచినవని.

"కాలిన వాసనొస్తుంది, ఆపుమని. నువ్వు ఇంకింత జోరు చేసినవ్."

"ఖుష్ అయినవనుకున్న."

బియ్యం ఏరుతున్నది. చెయ్యి ఆపింది. "బావా, లారీ పక్కపొంటి పోయినప్పుడు నాకు పరీక్ష యాదికి రాలే. పిల్లలు యాదికొచ్చిండ్రు."

 తీర్మానం రద్దు. బండి అమ్మేస్త.

మే 14, గురువారం

రెండో పరీక్ష. జమున బస్సుకే పోయింది. బస్టాండ్ల దింపుదామని దయాసాగర్ అన్న బండి అడిగిన. తాళంచెవి ఇచ్చుకుంట, "మెల్లగ పోనియ్యి తమ్మీ" అన్నడు. సంగతి ఆయనకు గూడ తెలిసినట్టున్నది. బస్తీకంత తెలిసినట్టున్నది. నలభై దాటలే. మంచి బండే. సప్పుడు లేదు, వణుకు లేదు. పండుకున్న మనిషి మీద కూసున్నట్టున్నది.

బస్సు కదిలే ముందట జమున కిటికీల నుంచి అడిగింది. "బండి అమ్ముడువోయిందా?"

"చూసిపోతున్నరు" అన్న.

ఎవ్వలు చూస్తలేరు. నేను ఎవ్వలకు చెప్పనే లేదు.

మే 18, సోమవారం

గట్టయ్యతోని కొత్త పిస్టన్ ఏయించిన. నడిచే బండైతే అమ్ముడు అల్కగ అయితది గదా. ఇది తీర్మానం కాదు, వ్యాపారం. "కొత్త పిస్టన్ కుదురుకునేదాక నలభై దాటకు" అన్నడు. ఆయిల్ డబ్బా మీద పెన్నుతోని గీత గీసిచ్చిండు, చిన్న పిల్లలకు మందిచ్చినట్టు.

కిక్ కొట్టిన. కుక్కలు లేచినయ్. జర సంబురమైంది. అమ్మేటప్పుడు ఈ సంగతి గూడ చెప్పాలె.

మే 24, ఆదివారం

జమున పరీక్షలు మొన్ననే అయిపోయినయ్. పొద్దుగాల నేను బండి తుడుస్తుంటే చాయ్ తెచ్చి గద్దె మీద కూసున్నది.

"ఇది నువ్వు అమ్మవు" అన్నది.

"మంచి ధర వస్తే..."

"బావా."

"అమ్మను" అన్న.

"మరైతే నాకు నేర్పు."

నవ్విన. ఆమె నవ్వలే. "ఆ దినం రోడ్డు మీద చెయ్యి అడ్డం పెట్టుకొని నిలబడ్డ గదా. ఒక బండి ఆగలే, రెండు బండ్లు ఆగలే. నాకు ఏడుపొచ్చింది. నువ్వు కిక్ కొట్టుట్ల ఉన్నవ్, చూడలే. ఇంకొకసారి గట్ల నిలబడను, నేను."

నిజంగనే చూడలే.

క్వార్టర్ల ఎనుక గ్రౌండ్‌కు తీసుకపోయిన. చున్నీ నడుముకు కట్టుకున్నది. క్లచ్ చూపెట్టిన, గేర్లు చూపెట్టిన. బండి ఎగిరి ఆగింది. మళ్ల ఎగిరి ఆగింది. నేను డంపర్ నేర్చుకున్నప్పటి లెక్క తిట్లు తిడుదామనుకున్న, నోరు మూసుకున్న. ఎండ ముదురుతుండంగ బండి కదిలింది, ఆగకుంట గ్రౌండ్ సగం పోయింది. మొఖం అంత చెమట, పండ్లు బిగబట్టుకున్నది. నా దిక్కు చూడనే లేదు. మలుపుకొచ్చి కాలు పెట్టి ఆపి, "ఎక్కు" అన్నది.

ఇయ్యాల్టి నుంచి తీర్మానం. కరీంనగర్ దాక ఎనభై. తోలేది జమున. ఆయిల్ గీత దాక. పిస్టన్ కుదురుకునేదాక నలభై. వీటన్నిటికంటె ముందు, బండి ఆగకుంట గ్రౌండ్ సుట్టు ఒక్క తిప్పు.

ఆ తిప్పుల నేను వెనుక కూసున్న. మొదటిసారి. రోడ్డు కనబడలే, మీటరు కనబడలే, ఆమె వీపే కనబడ్డది. గుంత వచ్చింది, ఇంకో గుంత వచ్చింది.

"ఎంతల పోతున్నం?" అని అడిగిన.

"ముందుగాల నా భుజం ఇడువు" అన్నది.