నల్లగుడ్డకు సాక్ష్యం

పాండేసర, మంగళవారం

విజయశ్రీ మేడం గారికి నమస్తే.

మీ పాతబట్టల గోదాంలో ముక్కలు ఏరే సమ్మక్కను పోయిన వారం పనిలోంచి తీసేయించింది నా ఫిర్యాదే. ఆమె కాటన్ కుప్పలో వేసిన నల్లముక్కలను మీరు నాకిచ్చిన, గుడ్డ మీద పెడితే రకం చెప్పే మిషన్ పాలిస్టర్ అని చూపించింది. పాతబట్టను మళ్లీ దారం చేసుడు మీద మీ కరపత్రాలన్నీ చదివినోణ్ణి, ఊరుకోలేకపోయిన. "గిట్ల కలిపితే బట్ట మళ్లీ దారమెట్లయితది? నీలాంటోళ్ల వల్లనే భూమి చెత్తకుండీ అయితున్నది" అని అందరి ముందల అరిచిన.

ఆమె ఒక్కటే అన్నది: "బిడ్డా, నీ మిషన్‌కు నలుపు కనబడది. అగ్గిపుల్ల గీకి చూడు."

నేను గీకలేదు.

ఆమె పోయినంక నల్లగుడ్డంతా పాలిస్టర్‌లోకే పోతుంటే అనుమానమొచ్చి నిన్న గీకిన. ఆమె కాటన్ అన్న ఇరవై ముక్కలూ కాగితం లెక్క కాలి బూడిదైనయి. ఒక్కటి కూడా పాలిస్టర్ లెక్క కరిగి గడ్డకట్టలేదు. ఉధ్నాలో ఆమె గదికి పోయి తప్పు ఒప్పుకున్న.

"మగ్గాలోళ్ల ఇంట్ల పుట్టి అగ్గిపుల్లతో దారం చూసుడు మరిచినవా బిడ్డా?" అని నవ్వి చాయ్ పోసింది. పనికి మాత్రం మీరు పిలిస్తేనే వస్తదట.

పిలవండి మేడం. మిషన్ పారేయమంటలేను. నలుపు ఆమె చేతికియ్యండి.

కవర్‌లో రెండు నల్లముక్కలు, సుద్దతో ఒకటి, రెండు అని రాసి పెట్టిన. ఏది కాటనో ఆమె వేళ్లతో తడిమి చెప్పింది, చీటీ మీద రాసి మడిచిన. ముందు మీరు కాల్చండి, తర్వాత చీటీ విప్పండి. నేనైతే కాల్చి చూడలేదు.

ఇట్లు,
మీ గోదాంలో మిషన్ పట్టేటోడు